రేకు మీద కోదాడ పోయిన మట్టయ్య

మొన్నటి గాలిదుమారానికి సూర్యాపేటలో మట్టయ్య ఉండే కిరాయి బిల్డింగు మీది రేకులు లేచిపోయాయి. వానకు పైవాటాల్లో గోడలు నానుతున్నాయి. ఓనరు ఫోనెత్తడు. ఎదురుగా చాయ్ బండి దగ్గర కిరాయోళ్లంతా దిగులుగా నిలబడితే, మట్టయ్యకు మాత్రం పాణం లేచొచ్చింది. ఇట్లా పదిమంది ఒక్కచోట కూడి ఎన్నేండ్లయిందో!

“గీ మాత్రానికే పరేషానా?” అన్నాడు గ్లాసు ఊదుకుంటూ. “మిర్యాలగూడల మేము లైనిండ్లల్ల ఉన్నప్పుడు వచ్చిన గాలి ముంగట ఇదెంత! ఆరు వాటాలు, ఒక్కటే నల్లా. ఒకరింట్ల చేపల పులుసు కాగుతుంటే ఆరిండ్లల్ల అన్నం ఎక్కువ వండేటోళ్లు. ఏం రోజులవి! ఆ దినం మా రేకు ఒకటి లేవబోయింది. నేను ఉరికి అంచు పట్టుకున్న.”

“పట్టుకుంటే ఆగిందా?” అంది పైవాటా ప్రవళిక. రాత్రి ఆమె పరుపు కూడా తడిసిపోయింది.

“ఆగుతదా! నన్ను గూడ లేపింది. కిందికి సూస్తే రైసుమిల్లుల పొగగొట్టాలు అగ్గిపుల్లల లెక్క ఉన్నయి. నేనేం బుగులు పడలే. రేకు మీదికెక్కి సక్లంముక్లం పెట్టుకొని కూసున్న. ఆ తర్వాత ఏమైందో తెలుసా? మా ఓనరుండేది కోదాడల. సక్కగ ఆడికే పోయిన!”

“గాలి కోదాడ దిక్కే ఎట్ల మళ్లింది మామా?” అన్నాడు ఆటో నడిపే అబ్రహాం.

“నేనే చెప్పిన. ‘కిరాయోళ్ల గోస నీకు తెల్వదా, జర ఓనరింటికి తోల్కపో’ అన్న. ఓనర్లకు లేకున్నా గాలికి జాలుంటదిరా!”

అందరూ నవ్వారు. ఆ నవ్వుల్లో మట్టయ్యకు పాత నల్లా దగ్గరి లొల్లి వినబడింది. ఇక ఆగలేదు.

“డాబా మీద దిగంగనే ఓనరు ‘రండి, కూర్చోండి, రేపు చూద్దాం లెండి’ అన్నడు. నేను ఊకుంటనా? ఆయన్ని గూడ రేకు మీద కూసోవెట్టుకొని ఎనక్కి మళ్లిచ్చిన. నేరేడుచర్ల కాడ గాలి సల్లవడితే దిగి చాయ్ తాగినం. మళ్ల లేచి, మా వాటాలు పైనుంచి సూపిచ్చిన. బోరున ఏడ్చిండు సారు! ఆ కన్నీళ్లకు సాగర్ కాలువ పొంగి ఊరూరా నాట్లు పడ్డయి. తెల్లారేసరికి మా ఆరు వాటాలకు రేకులు కాదు, స్లాబే!”

“స్లాబు ఎవరింటికేసిన్రు మట్టయ్యా?”

వెనక బెంచీ మీది ముసలామెను అతను చూసుకోలేదు. ప్రవళిక అమ్మమ్మ మరియమ్మ. నిన్ననే మిర్యాలగూడ నుంచి వచ్చింది. ఒకప్పుడు లైనిండ్లల్లో మట్టయ్య పక్కవాటా ఆమెదే.

“గాలి లేస్తుంటెనే పెట్టె నెత్తిన పెట్టుకొని దామరచర్ల బస్సెక్కితివి, అత్తగారింటికి. నువ్వు మళ్లొచ్చేసరికి రేకులు బిగిచ్చుడు గూడ అయిపాయె!”

అబ్రహాంకు చాయ్ పొలమారింది. ప్రవళిక మాత్రం నవ్వలేదు. “మరి ఎవరు బిగించిన్రు అమ్మమ్మా?”

“ఒక్కొక్కలం పోతే ఓనరు రేపు, రేపనెటోడు. అందుకని మిగిలిన అయిదిండ్లోళ్లం పిల్లలతోటి పోయి కోదాడల ఆయన అరుగు మీద కూసున్నం. ‘రేకులు నువ్వు ఏపిస్తవా, మమ్ముల ఏపిచ్చుకొని ఆ పైసలు కిరాయిల పట్టుకోమంటవా? రెండూ కాదంటే మున్సిపాలిటీకి పోతం’ అన్నం. ఇరుగుపొరుగు సూస్తున్నరని సిగ్గువడి ఆయనే మేస్త్రీని తోలిండు.” మరియమ్మ గొంతు మెత్తబడింది. “బస్సుల పాటలు పాడుకుంట పోయినం మట్టయ్యా. ఇప్పటికీ యాదికొస్తది. నువ్వే లేకపోతివి.”

మట్టయ్య చాయ్ గ్లాసు కింద పెట్టేశాడు. జనం నవ్వినందుకు కాదు, ఆ పాటలు తను వినలేదే అని గుండె కలుక్కుమంది.

ప్రవళిక లేచింది. “మన ఓనరు చివ్వెంలలనే ఉంటడు గదా. పైవాటాలు ఫోన్ల ఫొటోలు తీస్త. అందరం పోదాం.”

“ఆటో నాది,” అన్నాడు అబ్రహాం. “మామా, నువ్వొస్తవా, దామరచర్ల బస్సుకు టైమైతుందా?”

మట్టయ్య అందరికంటే ముందు పోయి ఆటోలో కూర్చున్నాడు.