బల్ల జరిపిన మధ్యాహ్నం

కుట్టు దుకాణం నుంచి అక్క భోజనం వేళకు వచ్చేసరికి, తమ్ముడు గదిలో మళ్లీ బల్ల జరుపుతున్నాడు.

"పొద్దున్నుంచి ఎన్నోసారిరా ఇది?"

"నాలుగోసారి. కిటికీ దగ్గరైతే పని సాగుతుందేమోనని."

"సాగిందా?"

"ఎక్కడ! కాలుకాలిన పిల్లిలా తిరుగుతున్నానక్కా. పిల్లల పుస్తకానికి ఒక్క బొమ్మా పూర్తికాలేదు. ఎల్లుండికి ఇవ్వకపోతే ఆ పని వేరేవాళ్లకి ఇచ్చేస్తారట."

"ఇంట్లో పనంటే హాయన్నావుగా?"

"అన్నాను. నిన్న రోజంతా ఎవరితోనూ మాట్లాడలేదు. సాయంత్రం ఫోనెత్తితే గొంతు పెగల్లేదు."

అక్క అతని ల్యాప్‌టాప్ మూసి చేతికిచ్చింది.

"పద. మా దుకాణంలో ఓ మూల ఖాళీగా ఉంది. మిషన్ల చప్పుడుంటుంది, భరించు. దిక్కులు చూశావో, అందరి ముందూ అరుస్తా."

"నిజంగా అరుస్తావా?" అంటూనే అతను చెప్పులు వెతుక్కున్నాడు.