కొత్త సున్నం కొట్టిన ఇల్లు

అరవద్దప్పా ఇస్మాయిల్, కూర్చో. ఆ కుర్చీలో కాదు, దానికి ఒక కాలు లేదు. ఇల్లు కొనేదానికి వచ్చిన గంగులప్పకు కనపడకుండా ఇటికెరాయి పెట్టింది నువ్వే కదా!

తప్పంతా నాదేనా? ఇల్లు అమ్మిపెడతానని వచ్చింది నువ్వు. సున్నం కొట్టిస్తే పెండ్లికూతురు మాదిరి ఉంటాదన్నది నువ్వు. బడిలో నీకు పాఠం చెప్పినోణ్ణి, ఒక్క మాట అడిగినాను. "ఈ మదనపల్లెలో పండగా పబ్బం లేకుండా ఇంటికి సున్నం యాల కొడతారు?" అని. విన్నావా?

శానిటోరియంలో మంచం దొరకని క్షయరోగులు ఊర్లో ఇండ్లు బాడుగకు తీసుకుంటారు. రోగి పోతే ఇంటాయన సున్నం కొట్టిస్తాడు. కొత్త సున్నం కనిపిస్తే మనుషులు వీధికి ఆ పక్కన నడుస్తారు. ఇదంతా తెలిసీ, నీలిమందు కలిపి మరీ రెండు పూతలు వేయించినావు!

నిన్న తెల్లారేసరికి పక్కింటి తులసమ్మ వాకిట్లో నిలబడి ఏడుస్తాంది. "అయ్యో అయ్యవారూ, ఎప్పుడు పోయినారు?" అని. నన్నే చూసి, నన్నే అడుగుతాంది! బతికే ఉండానని నమ్మించేదానికి ఆమె ముందర రెండు లోటాల బెల్లం కాఫీ తాగి చూపించాల్సి వచ్చింది.

మద్రాసు కాలేజీలో మాకు తర్కం చెప్పే దొర ఒకాయన ఉండె. పొగ ఉంటే నిప్పు ఉన్నట్టే అనేవాడు. ఒకనాడు ఆయన కోటు జేబులోనే... సరే, సరేలే. గంగులప్ప దగ్గరికే వస్తాండాను.

పుంగనూరు నుంచి బెల్లం మండీ గంగులప్ప మధ్యాన్నం బస్సుకు దిగతాడు అనంగానే ఏం చేసినావు? మొన్న తెల్లగా చేసిన ఇంటిని ఈపొద్దు నల్లగా చేయాలన్నావు! వంటింటి గోడకు మసి. తలుపు పక్కన పసుపు చేతులు. క్రైస్తవుల ఇంట్లో పసుపు చేతులేందప్పా? బొగ్గుతో నువ్వు గీసింది ఎద్దా, మేకా?

యుద్ధం వచ్చి దీపానికే నూనె దొరకని రోజుల్లో తులసమ్మ తలకు గిద్దెడు ఆముదం పట్టించి, జిడ్డు మరకలు పడాలని గోడ గోడకూ ఆనించి తిప్పినావు. "ఇంకా ఎన్ని గోడలు నాయనా?" అని ఆమె ఒకటే గోడు.

పైగా నేను దగ్గకూడదంట. సున్నం ఘాటుకు గొంతు మండతాంటే, నోట్లో లవంగం పెట్టుకొని గుడ్లు మిటకరించి కూర్చున్నాను. ఎవరి కోసం? కుప్పంలో నా కూతురు దయామణి నాకోసం గది సర్ది పెట్టిండాది. ఈ ఇల్లు అమ్మి వచ్చేయి నాయనా అని ప్రాణం తీస్తాంది.

గంగులప్ప వచ్చినాడు. మసి చూసి మురిసినాడు. పసుపు చేతులకు దండం పెట్టినాడు. నీ ఎద్దును చూసి నవ్వినాడు. "పిల్లాజెల్లా తిరిగిన ఇల్లు సామీ, రోగిష్టి కొంప కాదు" అన్నాడు. అప్పుడు నీ మొగం చూడాల!

ఆ తర్వాత కిటికీ పక్కకు పోయినాడు. గోడకు కిందుగా, గుండ్రంగా ఒక మరక.

"అన్నీ బాగుండాయి. ఇదొక్కటే అసయ్యం. గార పెరికించేస్తాను" అన్నాడు.

నువ్వు అది తులసమ్మ తలే అనుకున్నావు కదా? కాదు. తులసమ్మ ఆ పక్కకే రాలేదు.

అది మీ అమ్మగారిది, నా భార్యది. సాయంత్రమైతే ఎలిజబెత్ ఆడ చాప మీద కూర్చొని, తల గోడకు ఆనించి, నేను చదివే పేపరు వింటాండె. వింటాండానంటానే నిద్రపోతాండె. గుండె ఆగి పోయింది కానీ, ఈ ఇంట్లో ఒక్కనాడు దగ్గి ఎరగదు. నీ రెండు పూతల కింద నుంచి ఆ నూనె మళ్ళీ పైకి వచ్చిండాది. పొద్దున్నే చూసినాను. చూసి ఊరకున్నాను.

నీ దొంగ మసీ, దొంగ పసుపూ అన్నీ నచ్చినాయి. ఆమె తల ఆనించిన చోటు ఒక్కటే అసయ్యమంట!

ఏమన్నావు? చెప్పులు చేతబట్టుకొని బస్టాండు దాకా పరిగెత్తినాడా? పరిగెత్తనీ. ఇంక ఈ చుట్టుపక్కల ఈ ఇంటిని కొనేవాడు ఉండడంటావా? ఉండకపోతే పోనీ. దయామణికి ఏం చెప్పాలో నాకూ తెలీదు.

సున్నం ఘాటా? లేదప్పా, అప్పటికి ఘాటు పోయింది. గొంతు బాగానే ఉండె.

దగ్గు రాలేదు ఇస్మాయిల్. నేనే దగ్గినాను. ఆయన వాకిలి దాటినాక, ఎందుకైనా మంచిదని ఇంకోసారి దగ్గినాను.