ఒక్క పూటలో పరీక్షలన్నీ

పరీక్షల బాబాయి నోరు తెరిచాడంటే టీ చల్లారిపోవాల్సిందే, గ్లాసులోదే కాదు, పొయ్యి మీదది కూడా. కాలేజీ గేటుకి ఎదురుగా ఉన్న ఆ టీ కొట్టులో కూర్చోడానికి రెండు బల్లలున్నా ఆయన మాత్రం స్టూలు మీదే కూర్చుంటాడు, అందరికంటే జానెడు ఎత్తులో ఉంటుందని. కాలేజీ పరీక్షల విభాగంలో ముప్ఫై ఏళ్ళుగా గుమాస్తా. ఏ పరీక్ష ఏ రోజు, ఏ పూట అని తేల్చేది ఆయనే. ఆ సంగతి ఆయన మరిచిపోడు, ఎవరినీ మరిచిపోనివ్వడు.

ఆ మంగళవారం నాలుగింటికి ఆయన్ని వెతుక్కుంటూ ఒక బస్సు కండక్టరు వచ్చింది. డ్యూటీ దిగి నేరుగా వచ్చింది, యూనిఫాం కూడా మార్చుకోలేదు. చేతిలో హాల్‌టికెట్టు. పదకొండేళ్ళ కిందట మొదలుపెట్టిన డిగ్రీలో ఆమెకి మిగిలినవి రెండే పేపర్లు. ఒకటి గణాంకశాస్త్రం, ఇంకోటి వివిక్త గణితం, అదే డిస్క్రీట్ మ్యాథ్స్. ఈ రెండోది పాత సిలబస్సు. ఈ ఏడుతో సరి, మళ్ళీ పెట్టరు. పోతే ఆ ఒక్క పేపరే కాదు, పదకొండేళ్ళూ పోతాయి. డిపోలో ఒక బస్సుకీ ఇంకో బస్సుకీ మధ్య, టికెట్ల సంచీ ఒళ్ళో పెట్టుకుని, చెప్పేవాళ్ళు లేక ఒక్కో పేజీ నాలుగేసిసార్లు చదివి నేర్చుకున్న చదువు అది. తీరా చూస్తే రెండు పేపర్లూ గురువారం పొద్దున పదింటికే.

కౌంటర్లో అడిగింది. అచ్చయిన టైంటేబులు మార్చాలంటే అది వేసినాయనే పొరపాటు జరిగిందని రాసివ్వాలి, దాని మీద ఈరోజు ఐదింటిలోపు ఆఫీసరు సంతకం పడాలి, అన్నాడు కౌంటరు మనిషి. ఆయనెక్కడున్నారంటే గడ్డంతో టీ కొట్టు వైపు చూపించాడు. ఆయన పొరపాటని రాయడం మాత్రం తనింతవరకు చూడలేదని కూడా అన్నాడు, జాలిగానే.

వచ్చి "సార్" అంది. పరీక్షల బాబాయి అప్పటికే గొంతు సవరించుకుని ఉన్నాడు. కొత్త మొహం కనబడేసరికి ఆయనకి ప్రాణం లేచొచ్చింది. విన్నవాళ్ళకే మళ్ళీ వినిపించడం ఎంత నీరసమో కోతలు కోసేవాళ్ళకి తెలుస్తుంది. "కూర్చో తల్లీ, నీకోసం మొదటినుంచీ చెప్తాను" అన్నాడు. పని ఆయన చేతిలో ఉంది. వినక చేసేదేముంది, కూర్చుంది.

కథ చిన్నగానే మొదలైంది. ఉద్యోగంలో చేరిన కొత్తలో పరీక్షల పట్టిక వేయమన్నారట. ఇరవై సబ్జెక్టులు. ఎవరికీ రెండు పరీక్షలు ఒకే పూట పడకూడదు. పాత గుమాస్తాలు కాగితాల మీద రాస్తూ కొట్టేస్తూ నెల రోజులు కుస్తీ పట్టేవారట. ఈయన ఒక చెక్క తెచ్చి సబ్జెక్టుకో మేకు కొట్టాడు. ఏ రెండు సబ్జెక్టులైనా కలిపి రాసే విద్యార్థి ఒక్కరున్నా సరే, ఈ మేకు నుంచి ఆ మేకుకి దారం కట్టాడు. దారం ఉన్న రెండు మేకులకీ ఒకే పూట ఇవ్వకూడదు, దారం లేకపోతే ఇవ్వొచ్చు. ఎక్కువ దారాలున్న మేకు సంగతి ముందు తేల్చుకోవాలి, పెద్దది ఒదిగితే చిన్నవి సందుల్లో సర్దుకుంటాయి. సాయంత్రానికల్లా మొత్తం తొమ్మిది పూటల్లో ఒదిగిపోయింది.

కండక్టరు కాసేపు ఐదింటి సంగతి మరిచిపోయింది. ఇది ఆమె పుస్తకంలో ఏడో అధ్యాయం. అందులో మేకుల బదులు చుక్కలు, దారాల బదులు గీతలు, పూటల బదులు రంగులు, అంతే తేడా. గీత కలిపిన రెండు చుక్కలకీ ఒకే రంగు వేయకూడదు. తక్కువలో తక్కువ ఎన్ని రంగులు కావాలో తేల్చడానికి, ఎంత పెద్ద గీతల వలకైనా పనికొచ్చే దగ్గరి దారి ఇంతవరకు ఎవరికీ దొరకలేదని, దాని మీద పెద్దపెద్దవాళ్ళు ఇంకా తలలు బద్దలు కొట్టుకుంటున్నారని ఆ అధ్యాయం చివర రాసి ఉంది. ఈ మనిషి ఏ పుస్తకమూ తెరవకుండా, సుత్తీ దారమూ పట్టుకుని, ఆ గుమ్మం దాకా నడిచొచ్చాడన్నమాట. ఇక్కడితో ఆపి ఉంటే లేచి దండం పెట్టేదే.

ఆపితే ఆయన పరీక్షల బాబాయి ఎందుకవుతాడు.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా?" అని అడిగి, తెలియదని ఎవరైనా అనేలోపే తనే అందుకున్నాడు. ఆ పట్టిక చూసి పక్క కాలేజీ వాళ్ళొచ్చారట, వాళ్ళని చూసి యూనివర్సిటీ మొత్తం కదిలొచ్చిందట, ఇరవై మేకులు రెండు వేలయ్యాయట, చెక్క చాలక గోడ, గోడ చాలక గది, గది చాలక వరండా, ఊళ్ళో ఉన్న దారపుండలన్నీ ఈయనే కొనేసేసరికి దర్జీలు పది రోజులు కొట్లు మూసుకుని సమ్మెకి కూర్చున్నారట, బొత్తాలు కుట్టే దిక్కు లేక ఆ ఏడు పిల్లలందరూ ఒక చేత్తో చొక్కా పట్టుకుని రెండో చేత్తో పరీక్ష రాశారట.

"పోయినసారి దర్జీలు వారం రోజులే మూశారు బాబాయ్" అంది కొట్టు నడిపే అక్క, గ్లాసులు కడుగుతూనే.

"వారమనే అనుకున్నారు. పొడిగించారు" అన్నాడాయన, తొణక్కుండా బెణక్కుండా.

పై అంతస్తులో లెక్కల ప్రొఫెసరు ఒకాయన, ఇదే చిక్కు మీద పన్నెండేళ్ళుగా పరిశోధన చేస్తున్నవాడు, దగ్గర్నించి చూద్దామని వంగి లోపలికి దూరాడట. దూరినవాడు దారాల్లో చిక్కుకుపోయాడు. కత్తెర తెమ్మని కేకలు పెడితే బాబాయి అడ్డం నిలబడ్డాడట, ఒక్క దారం తెంపినా ఒక విద్యార్థి బతుకు తెగిపోతుంది, తెంపనిచ్చేది లేదని.

కండక్టరు హాల్‌టికెట్టు పట్టుకుని సగం లేచింది. "సార్, ఆ దారం గురించే" అనబోతే ఆయన అరచెయ్యి చూపించి, ప్రశ్నలు ఆఖర్న అన్నాడు, క్లాసులో చెప్పినట్టు. గోడ గడియారంలో నాలుగుంబావు. మళ్ళీ కూర్చుంది. రద్దీ బస్సులో చిల్లర ఇవ్వని వాళ్ళని రోజుకి వందమందిని దారికి తెచ్చే మనిషికి ఈ ఒక్క నోరు ఎలా మూయించాలో తెలియలేదు. గట్టిగా అంటే రాసివ్వడేమోనని భయం.

మూడు రోజులు లోపలే ఉన్నాడట ప్రొఫెసరు. సందుల్లోంచి బిస్కెట్లు అందించారట, రబ్బరు గొట్టంతో టీ పట్టారట. పెళ్ళాం కిటికీ దగ్గరికొచ్చి ఇంటికి రమ్మంటే, ఇక్కడున్నంత హాయి ఇంట్లో లేదన్నాడట. నాలుగో రోజున దానంతటదే ఒక దారి కనబడి బయటికొస్తూ నూట నలభై పేజీల పరిశోధన పత్రం చేత్తో పట్టుకునే వచ్చాడట. అందులో మొదటి మాట బాబాయి చెప్పిందే, ఆఖరి మాట బాబాయి చెప్పిందే, మధ్యలోవి మాత్రం ఆయన సొంతం.

పక్క బల్ల మీద జెరాక్సు కొట్టాయన, ఈ కథ తొమ్మిదోసారి వింటున్నవాడు, మరి పత్రం మీద మీ పేరు వేశాడా అని అడిగాడు. వేస్తానని కాళ్ళావేళ్ళా పడ్డాడట, తనే వద్దన్నాడట. పేరుకి ఆశపడే మనిషినైతే ఈ స్టూలు మీద ఎందుకు కూర్చుంటానన్నాడు.

అక్కణ్ణుంచి ఇక పగ్గాల్లేవు. ఇరవై దేశాల పండితులు కూడిన సభ. మేకులూ దారాలతో మేడంత వల ఒకటి తెచ్చి పెట్టారట, ఇది తొమ్మిది పూటల కంటే తగ్గుతుందో లేదో చెప్పమని కంప్యూటర్ని అడిగితే మూడు నెలలు బుర్ర గోక్కుని పొగలు కక్కిందట, దాన్ని చల్లబరచడానికి పక్కనే పెద్ద నీళ్ళ ట్యాంకు కట్టారట, ఆ ట్యాంకులో నీళ్ళు మరిగి ఊరందరికీ వేణ్ణీళ్ళ స్నానాలట. బాబాయి వల చుట్టూ ఒక్క ప్రదక్షిణం చేశాడు. కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నాడు. ఒక మేకు పీకి ఇంకో చోట కొట్టాడు. తొమ్మిది పూటలు ఐదయ్యాయి.

మేకు చోటు మార్చినంత మాత్రాన దానికున్న దారాలెక్కడికి పోతాయి, వెంటే వస్తాయి, లెక్క వీసమెత్తు మారదు, అనుకుంది కండక్టరు. గడియారంలో నాలుగున్నర.

ఇంకో మేకు, ఐదు మూడయ్యాయట. ముందు వరసలో ఒక ముసలి పండితుడు గుండె పట్టుకున్నాడట. ఇక ఆపండి, ఇలాగైతే మా పరిశోధనలన్నీ మూసుకోవాల్సిందే, పిల్లలు గలవాళ్ళం అని సభంతా చేతులు జోడించిందట. ఆయన మాత్రం ఏం చేస్తాడు, చెయ్యి ఆగలేదు. మూడు రెండయ్యాయి. బాబాయి ఇక్కడ గొంతు తగ్గించి, అందరి మొహాలూ ఒకసారి చూసి, చూపుడువేలు పైకెత్తాడు.

"ఒకటి. లోకంలో ఉన్న పరీక్షలన్నీ ఒక్క పూటలో పెట్టేశాను. ఎవ్వరికీ ఇబ్బంది లేదు."

జెరాక్సు ఆయన నవ్వాపుకుంటూ, మరి రెండు పరీక్షలున్నవాళ్ళు ఒక్క పూటలో ఎలా రాస్తారు బాబాయ్ అన్నాడు.

"అదే కిటుకు. అది ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు."

కండక్టరు లేచింది. ఈసారి ఆయన అరచెయ్యి చూపించినా ఆగలేదు. హాల్‌టికెట్టు ఆయన మోకాలి మీద పెట్టింది.

"నాకు చెప్పండి సార్. ఆ కిటుకు గురువారం పొద్దున పదింటికి నాకు కావాలి."

ఆయన నవ్వబోయి కాగితం చూశాడు. ఒకసారి చదివి, మళ్ళీ పైనుంచి చదివాడు. "లోకం సంగతి నాకు తెలీదు గానీ" అంది ఆమె, గొంతు పెంచకుండా, "నా విషయంలో మీరా పని చేసేశారు. రెండు పేపర్లు, ఒక్క పూట. ఏ గదిలో కూర్చుని రాయమంటారో అది కూడా చెప్పండి."

జెరాక్సు ఆయన పగలబడి నవ్వబోతే అక్క ఒక్క చూపు చూసింది. నోరు మూసుకున్నాడు.

పరీక్షల బాబాయి స్టూలు దిగి బల్ల మీద కూర్చున్నాడు. అక్కడ ఆయన అందరంతే ఉన్నాడు, ఇంకాస్త చిన్నగా కూడా ఉన్నాడు. పాత సిలబస్సు జాబితా తనకి అందిందని, అది ఆలస్యంగా వచ్చిన మాట నిజమే గానీ అందిందని, అందులో ఒక్క పేరే ఉందని చెప్పాడు. ఇందాకటి గొంతు కాదది, పక్కనున్నవాళ్ళకి తప్ప వినబడలేదు.

"ఒక్కరికోసం మేకేం కొడతాంలే అనుకున్నాను తల్లీ. ఖాళీ ఉన్నచోట పడేశాను."

"ఆ ఒక్కరూ నేనే."

ఆమె నోట్లో ఇంకా పదునైనవి చాలా ఉన్నాయి. ఆ మొహం చూశాక వాటిని వాడబుద్ధి కాలేదు. గడియారం కూడా ఒప్పుకోదు. పక్కన కూర్చుని, పని సంగతిలోకి దిగింది. తన పేపరు రాసేది తనొక్కతే కాబట్టి ఆ మేకుకి ఉండేది ఒకే ఒక దారమని, అది గణాంకశాస్త్రం మేకుకేనని, గురువారం పొద్దున తప్ప మిగిలిన ఏ పూటలో పెట్టినా ఇంకెవరికీ తగలదని వేలితో బల్ల మీద గీసి చూపించింది. ముప్ఫై ఏళ్ళలో ఇంత తేలికైన చిక్కు మీకు వచ్చి ఉండదు సార్ అంది.

ఆయన ఆ వేలినే చూస్తున్నాడు. ముప్ఫై ఏళ్ళుగా ఎన్ని కోతలు కోసినా, మేకుల దగ్గర ఆగి ఆ పనిని పనిగా చూసినవాళ్ళు ఒక్కరూ లేరు. దర్జీల కథ దగ్గర నవ్వేవాళ్ళు, అంతే.

"ఇది నీకెలా తెలుసు?"

"నేను రాయాల్సిన పరీక్ష ఇదే కదా సార్."

బాబాయి చెయ్యి చాచాడు. జెరాక్సు ఆయన అడక్కుండానే తెల్లకాగితం ఇచ్చాడు. మొదట 'అనివార్య సాంకేతిక కారణాల వల్ల' అని రాశాడు. పక్కనుంచి చదువుతున్న కండక్టరు ఆయన మొహంలోకి చూసింది. కొట్టేశాడు. 'జాబితా ఆలస్యంగా అందినందున' అని రాశాడు. తనే ఆగి, కాసేపు పెన్ను మూత కొరికి, అదీ కొట్టేశాడు. కాగితం తిప్పి వెనక వైపు మొదలుపెట్టాడు. 'ఒక అభ్యర్థి పేరు చూసి కూడా లెక్కలో వేసుకోలేదు. పొరపాటు నాది. ఈ పేపరుని శుక్రవారం మధ్యాహ్నానికి మార్చవలసిందిగా కోరుతున్నాను.' కింద సంతకం. అందులో పొల్లు మాట ఒక్కటి లేదు.

ఐదుకి పది నిమిషాలుండగా ఇద్దరూ రోడ్డు దాటారు. ఆయన ముందు, ఆమె వెనక. అరవైకి దగ్గర పడ్డ మనిషి మెట్లు రెండేసి చొప్పున ఎక్కాడు. కౌంటరు మనిషి కాగితం చదివి, తలెత్తి ఆయన్ని చూసి, మళ్ళీ చదివి, ఆమె హాల్‌టికెట్టుతో సహా లోపలికి పట్టుకెళ్ళాడు. తలుపు అవతల ఏవో రెండు మాటలు వినబడ్డాయి, తర్వాత స్టాంపు పడిన చప్పుడు. బయటికి తెచ్చిచ్చిన హాల్‌టికెట్టు మీద శుక్రవారం, మధ్యాహ్నం రెండు గంటలు అని ఎర్ర సిరాతో ఉంది, పక్కన సంతకం.

కండక్టరు అది నాలుగుసార్లు చదివి, మడిచి, జేబులో పెట్టి గుండీ పెట్టుకుంది.

మెట్లు దిగుతుంటే బాబాయికి గొంతు తిరిగొచ్చింది. "ముప్ఫై ఏళ్ళలో ఇదొక్కటే తల్లీ నా పొరపాటు" అన్నాడు.

ఆమె ఆగి ఆయన వైపు చూసింది.

ఆయన ఇంకో మెట్టు దిగాడు, రెయిలింగు పట్టుకుని.

"ఒప్పుకున్నది ఇదొక్కటే" అన్నాడు.