భుజంలో సుద్ద

ఆటకి ఇంకా గంట ఉంది. సర్కస్ డేరా వెనక గదిలో అన్న మణికట్లకి గుడ్డ చుట్టుకుంటున్నాడు. చెల్లెలు తలుపుకి ఆనుకుని నిలబడింది.

“చెయ్యి మళ్ళీ ఎత్తు.”

“ఎత్తానుగా అమ్మడూ! ఇదిగో, చెవి దాకా. చాలా?”

“నిన్న చొక్కా తొడగడానికి వదిన రావాల్సొచ్చింది, అన్నయ్యా.”

“నిన్నటి మాట నిన్నటిదే. పొద్దున డాక్టరు దగ్గరికెళ్ళొచ్చాగా.”

“ఏమన్నాడు?”

“ఏముంది, కండని ఎముకకి కట్టే తాడులాంటిది ఉంటుందట. అందులో కాల్షియం పేరుకుంది. సుద్దలాగా. సూది గుచ్చి, ఉప్పునీళ్ళతో కడిగి లాగేస్తారు.”

“లాగేశారా?”

“సోమవారం రమ్మన్నారు. ఇవాళ్టికి నొప్పి తెలీకుండా ఇంజక్షనిచ్చారు.”

“అంటే చెయ్యి మొద్దుబారింది.”

“నొప్పి మొద్దుబారింది. పట్టు కాదు.”

“బరువులెత్తొద్దని చెప్పలేదూ?”

“చెప్పాడు. నువ్వేం బరువే, పిచ్చుకవి!”

“నవ్వించకు. ఉయ్యాల మీంచి తలకిందులుగా వేలాడుతూ నన్ను పట్టుకోవాలి నువ్వు. జారిపోతే?”

“కింద వల లేదూ?”

“వలలో పడి మెడ విరిగినవాళ్ళు లేరూ?”

“ఆ సుద్ద తీయించుకుంటే కొన్ని వారాలు పైకెక్కకూడదట. ఈలోగా యజమాని, మొన్న చేరిన ఆ కొత్తవాణ్ణి నా ఉయ్యాల ఎక్కిస్తాడు. ఇక నేను గేటు దగ్గర టిక్కెట్లు చింపుకోవడమే.”

“ఎన్నాళ్ళయింది ఈ నొప్పి?”

“ఈమధ్యే.”

“అన్నయ్యా.”

“...చలికాలం నుంచి.”

“చలికాలం నుంచా! నేను వలలో పడ్డం మొదలైందే అప్పుడు. ‘ఆలస్యంగా దూకుతున్నావు, వయసు మీద పడుతోంది’ అన్నావు.”

“అంటే, కొంచెం నీదీ...”

“అందరూ పడుకునుంటే లేచి ఒక్కదాన్నే సాధన చేశాను. ఇక మానేద్దామనుకున్నాను. నువ్వు చూస్తూ ఊరుకున్నావు.”

“చెబితే నన్ను నమ్మి దూకుతావా? చెప్పు. దూకుతావా?”

“అది నేను తేల్చుకోవాల్సింది కదా.”

“సరే, తప్పే. తప్పే అన్నానుగా! ఈ ఒక్క ఆట కానీ. సోమవారం వెళ్తాను.”

“నేనూ వస్తాను ఆస్పత్రికి.”

“మా అమ్మడే! పద, వేళవుతోంది. ఈ గుడ్డ కాస్త బిగించు.”

“విప్పడానికొచ్చాను, అన్నయ్యా. పొద్దున నువ్వు లేనప్పుడు ఆ కొత్తవాడితో దూకి చూశాను. ఎన్నిసార్లు దూకినా, వాడి చేతులు సరిగ్గా అక్కడే ఉన్నాయి.”