తాళం వేసే ముందు

పండ్ల గోదాములో చల్లగదికి తాళం వేసి వచ్చి, గేటు దగ్గర తాళాలు చూసే ఆవిడ చెప్పులు తొడుక్కుంటూంటే బుట్టలు మోసే పిల్ల ఎదురొచ్చింది.

"అక్కా, మా అమ్మ ఇంకా బయటికి రాలేదు."

"ఎప్పుడో వెళ్ళిపోయుంటుందిలే. మీ అమ్మ కాలు ఒకచోట నిలుస్తుందా?"

"చెప్పులిక్కడే ఉన్నాయి."

ఆవిడ వంగి చూసింది. తెగిన పట్టీకి పిన్నీసు పెట్టిన చెప్పులు.

"తాళం వేసేముందు పిలిచావా అక్కా?"

"పిలవకుండా ఏనాడైనా వేశానా? 'ఎవరన్నా ఉన్నారా' అని రోజూ అరుస్తానుగా!"

"ఎవరూ పలకలేదా?"

ఆవిడ చల్లగది వైపు తిరిగి చూసింది.

"ఏమోనే. అలవాటుగా అరుస్తాను, అరుస్తూనే తలుపు లాగేస్తాను. మధ్యలో ఆగను."

"చల్లగదిలో వెనక అరలు సర్దొస్తానంది అక్కా. ఆ తలుపు లోపల్నుంచి తెరుచుకోదు కదా?"

"పరిగెత్తవే!"

తలుపు దగ్గర తొందరలో ఆవిడ చేతిలోంచి తాళంచెవి జారిపోయింది. పిల్లే అందుకుని తాళం తీసింది. చలి ముఖాన కొట్టింది. లోపలంతా చీకటి.

"ఎవరన్నా ఉన్నారా?"

"అమ్మా! అమ్మా!"

ఆవిడ పిల్ల నోటికి చెయ్యి అడ్డం పెట్టింది.

"ఏడవకే తల్లీ. ఈ ఒక్కసారన్నా నన్ను విననీ."