సుంకులమ్మ చూసిన ఎద్దు

రాసుకో సారూ, సుంకులమ్మని ఒకామె ఉండె. ఎద్దుల్ని పసిగట్టేదాంట్లో ఆయమ్మను మించినోళ్ళు మా దిక్కు ల్యా. ఎద్దు నాలుగడుగులు నడిస్తే చాలు, ఇది గొర్రు లాగుతాదా, కాడి కింద పండుకుంటాదా అని చెప్పేసేదంట. ఏమైందంటే, ఆ యేడు ఆయమ్మ జతలో ఒకెద్దు చచ్చిపాయె. వాన పడింది, చేను పదునైంది, ఇంట్లో చెనిక్కాయ విత్తనముంది, కాడికి రెండో ఎద్దు ల్యా. ఆ తడి ఆరేలోపల విత్తకపోతే ఇంక ఆ యేడు పంట లేదనుకో. సంతకు పాయె. పోయి ఒకెద్దును ఇట్ల చూసింది, అంతే! సుంకులమ్మ చూస్తాంది రోయ్ అని జనం ఉరికొచ్చిరి. అందరికంటే ముందు దళారి నారప్ప వచ్చి తువ్వాలేసినాడు. నీకు తెలుసో లేదో, సంతలో ధర నోటితో చెప్పరు, తువ్వాలు కింద వేళ్ళు పట్టుకొని చెప్పుకుంటారు. ఎంతనేది బయటోనికి తెలీదు. ఎన్ని చేతులు దూరుతాండాయనేదే కనపడేది. చేతులు దూరే కొద్దీ ధర లేస్తాది. ఆ పొద్దు ఆయమ్మ మూడెద్దుల్ని చూస్తే మూడిటికీ ధర లేచిపాయె, ఒక్కటీ ఆయమ్మ చేతికి అందల్యా. ఏందప్పా, నా యెనకాల్నే తిరుగుతాండావు, నీకేమన్నా సేద్యముందా అని నారప్పను నిలేసింది. వాడు నవ్వి, నాకు ఎద్దుల్ని చూసేది రాదక్కా, నిన్ను చూసేది వచ్చు, నువ్వు చూసిందల్లా నేను కొని ఎక్కువకు అమ్ముకుంటా, ఏం చేసుకుంటావో చేసుకో పో, అన్నాడంట. ఆయమ్మకు ఒళ్ళు మండిపాయె. మండదా మరి? ఆడ చేను ఆరిపోతాంటే! "నా కండ్లు నావి రా. వాటికి నువ్వు పగ్గమేస్తావా? వచ్చే సంతకు రా, చూద్దాం" అనింది.

వారానికి మళ్ళా సంత. ఆ పొద్దు దొరక్కపోతే ఇంక విత్తేది లేదు. ఆయమ్మ తన ఒంటెద్దును తోలుకొని, కాడి భుజానేసుకొని వచ్చింది. ఆడొక తెల్లెద్దు పండుకోనుంది. కొమ్ములకు రంగు, మెడకు గంటలు, పెండ్లికొడుకు మాదిరుంది. మోకాళ్ళు చూస్తే బొప్పి కట్టినాయి. కాడి పెడితే కూలబడే ఎద్దుకే అట్లయ్యేది. ఆయమ్మ పోయి దాని ముందర గడ్డం కింద చెయ్యి పెట్టుకొని కూచుంది. ఎవురేమడిగినా పలకల్యా. ఇంక చూడు! జనం, తువ్వాళ్ళు, తోపులాట. పొద్దున ఒకడు కొన్నె, వానికాడ ఇంకొకడు కొన్నె, మధ్యాన్నానికి నాలుగు చేతులు మారింది. ఎద్దు మాత్రం పండుకున్న కాడ్నించి లేవల్యా! దాన్ని లేపి నడిపించప్పా అని ఒక్కడన్నా అడగల్యా. ఎద్దు మోకాళ్ళు ఎవురూ చూల్యా, అందరూ సుంకులమ్మ మొగమే చూసిరి. కడాకు నారప్ప, ఉండేదంతా ఊడ్చి దాన్ని కొన్నాడు.

అప్పుడు లేచింది ఆయమ్మ. సంత కొసన గంగన్న అని ఒక ముసిలాయప్ప నల్లెద్దును పట్టుకొని పొద్దుట్నుంచి ఒక్కడే నిలబడుకోనుండాడు. మామా, ఒకసారి కాడి కట్టనిస్తావా అనింది. తన ఎద్దుతో జత కట్టి పదడుగులు తోలింది. రెండూ ఒకటే అడుగేసినాయి. గంగన్న తువ్వాలు తీసినాడు. "తువ్వాలొద్దు మామా. నోటితో చెప్పు, నలుగురూ విననీ" అనింది. ఆయప్ప చెప్పినాడు. ఆయమ్మ రూపాయి కూడా తగ్గించమనల్యా, ఇచ్చేసింది. ఇచ్చేసి, ఆ జతను సంత నడిమద్దెన తోలుకొని వచ్చింది.

ఆడ నారప్ప తెల్లెద్దు తోక మెలేస్తాండాడు. అది లేస్తేనా! ఆయమ్మ దాని ముందర్నించి లేచినాంక వాని తువ్వాలు కిందికి ఒక్క చెయ్యి రాల్యా. నన్ను మోసం చేస్తివి కదక్కా అని అరిచినాడు. ఆయమ్మ ఆగి, "చూసినా. చూస్తే తప్పా? నేను కొనమన్నానా? మోకాళ్ళు నీ ముందరే ఉండె, నువ్వు నా మొగం చూస్తివి. అడ్డం లెయ్, నాకు విత్తేదుంది" అనింది. ఆ పొద్దు చీకటి పడకముందే విత్తింది కూడా.

ఇదప్పా సంగతి. ఏం సారూ, రాసేది ఆపినావు? ఇందాక చెప్తివి కదా, ఫోన్లో ఏదో కంపెనీ షేరు అందరూ కొంటాండారని నువ్వూ కొన్నావని. ఆ కంపెనీ లేచి నడుస్తాదో లేదో చూసినావా నాయనా, లేకుంటే నువ్వూ మొగాలే చూసినావా?