షాపుల్లోకి ముందే వచ్చిన ఫోను

జూలై ఎండలో, నెబ్రాస్కా మొక్కజొన్న చేల మధ్యగా కారు పోతోంది. నడుపుతున్నది అక్క డార్లా. పక్క సీట్లో చెల్లెలు కెండ్రా.

“మళ్ళీ వెనక్కి చూస్తున్నావు.”

“చూడట్లేదక్కా. మెడ పట్టేసింది.”

“పట్టేయదూ మరి, పొద్దుట్నించీ అటే తిప్పి పెడితే! పైగా ఆ పొడుగు చేతుల చొక్కా ఒకటి. ఈ ఎండకి పిట్ట కూడా ఎగరట్లేదు. చేతులు పైకి మడుచుకో.”

“వద్దులే.”

“కార్లో నేనే కదే ఉన్నది.”

“వద్దన్నానా! ఏసీ ఉందిగా, చాలు.”

“సరే. సరేలే.”

“అక్కా, ఆయనకెలా తెలుస్తోంది? రెండు షాపుల్లోనూ ఇదే తంతు. గుమ్మంలో అడుగు పెట్టామో లేదో, ‘కెండ్రా అంటే మీరేనా? మీ ఆయన ఫోన్ చేశారు’ అని.”

“ఈ వేసవి బొంతల షాపుల యాత్రకని మనకిచ్చిన కార్డు మీద షాపులన్నీ అచ్చేసే ఉన్నాయిగా.”

“షాపులున్నాయి. మనం ఏ రోజు ఏ షాపుకెళ్తామో ఉందా?”

“ఏమోనే. వాడికి తీరికెక్కువ, వరసబెట్టి అన్నిటికీ చేస్తున్నాడేమో. నిన్నటి షాపావిడ మురిసిపోయింది చూశావా? మొగుడంటే అలా ఉండాలట.”

“నవ్వకు.”

“నవ్వట్లేదే.”

“మేసీని కూడా తీసుకెళ్తానంటే ఏమన్నాడో తెలుసా? ‘నువ్వెళ్ళు, సరదాగా తిరుగు, గుడ్డముక్కలు కొనుక్కో. పాప నా దగ్గరే ఉంటుంది. అప్పుడు చచ్చినట్టు తిరిగొస్తావు.’ పాప తల నిమురుతూ అన్నాడక్కా ఆ మాట.”

“ఇప్పుడు పాప దగ్గర ఎవరున్నారు?”

“మా అత్తగారు. కొడుకు గీసిన గీత దాటదావిడ. నా మీద చెయ్యి పడ్డప్పుడల్లా వంటింట్లోకి పోయి పంపు తిప్పేస్తుంది, నీళ్ళ చప్పుడులో వినపడకుండా… అదేంటి, పెద్ద రోడ్డు వదిలేశావేం?”

“ట్రూడీ షాపుకి పోదాం. నా చిన్నప్పటి స్నేహితురాలు.”

“అది కార్డులో లేదుగా?”

“లేదు. అందుకే.”

“నిజమే. అక్కడైతే ఆయన… ఇంకొంచెం తొందరగా పోనీ అక్కా.”

మట్టి రోడ్డు చివర, ధాన్యం గోదాముల పక్కన ట్రూడీ షాపు.

“రండి రండి! డార్లా, ఎన్నేళ్ళకి కనపడ్డావే! ఈమేనా చెల్లెలు? కూర్చో తల్లీ. కాఫీ తాగుతావా? పొద్దున్న చేసిన దాల్చినచెక్క రొట్టె కూడా ఉంది.”

“నాకేం వద్దండీ. ఆ నీలం గుడ్డలు చూస్తాను… ఏవండీ, నాకోసం ఎవరైనా ఫోన్ చేశారా?”

“చేశాడమ్మా, మీ ఆయన. గంటయింది.”

“ఇక్కడికా?”

“ఇక్కడికే. దారిలో ఉన్నాడట, వచ్చేదాకా నిన్ను కదలనివ్వొద్దన్నాడు. మంచి గొంతే. మర్యాదగానే మాట్లాడాడు.”

“అక్కా.”

“ఊఁ.”

“ఈ షాపు కార్డులో లేదు. నేను వినడమే ఇప్పుడు. ఆయనకెవరు చెప్పారు?”

“ముందు కూర్చో.”

“కూర్చోను! ఎవరు చెప్పారక్కా?”

“నేనే.”

“నువ్వా? నా అక్కవి, నువ్వా?”

“మనం ఏ రోజు ఏ షాపుకెళ్తామో అన్నీ నేనే చెప్పాను. ‘రోడ్నీ, ఇది పారిపోయేలా ఉంది, నాకు భయమేస్తోంది, వచ్చి తీసుకుపో’ అన్నాను. నా మాట నిజమో కాదో తేల్చుకోవడానికే ముందు ఆ రెండు షాపులకీ చేశాడు. ఇవాళ తెల్లారకుండానే ట్రక్కెక్కాడు. ‘థాంక్స్ వదినా’ అన్నాడు కూడా.”

“నన్ను పట్టించావా! వాడు నన్ను చంపేస్తాడని తెలిసీ…”

“అరవకు, పూర్తిగా విను. వాడు ఇంట్లో ఉన్నంతసేపూ పాపని బయటికి తేగలమా?”

“లేదు.”

“అందుకని వాణ్ణే బయటికి లాగాను. వాడి ట్రక్కు అటు వెళ్ళగానే ఇటు మీ బావ వెళ్ళాడు. మేసీ మీ బావ కారెక్కింది.”

“అత్తగారు? ఆవిడ ఒప్పుకోదే! కొడుక్కి ఫోన్ చేసేస్తుంది!”

“కొడుకు అటు వెళ్ళగానే, మీ బావ తలుపు కొట్టేసరికే, తనంతట తనే పాప బట్టలు సర్ది ఉంచిందటే. పాపతో పాటు తనూ ఎక్కేసింది. రాష్ట్రం దాటి కొలరాడోలోకి వచ్చామని ఇందాకే మీ బావ ఫోటోతో మెసేజ్ పెట్టాడు. చూడు, నువ్వే చూడు.”

“ఇది… ఇది మేసీయేనా? ఐస్‌క్రీం తింటోంది… నాకొక్క ముక్క చెప్పుంటే ఏం పోయేదే! మూడ్రోజులుగా నేను…”

“నిన్న రాత్రి వాడితో ఫోన్లో మాట్లాడింది నువ్వేగా. తెలిసుంటే నీ గొంతు వినే పట్టేసేవాడు.”

“డార్లా, మట్టి రోడ్డు మీద దుమ్ము లేస్తోంది. నల్ల ట్రక్కేనా?”

“అదే. పోలీసు షెరీఫ్‌కి చెప్పావా ట్రూడీ?”

“చెప్పాను. దారిలోనే ఉన్నాడు, కానీ ఇంకా పావుగంట పట్టొచ్చు. చూడు తల్లీ, వెనక గదిలో బొంతల క్లాసు జరుగుతోంది. గదినిండా ఆడవాళ్ళే, అందరి చేతుల్లో కత్తెరలే. నువ్వెళ్ళి వాళ్ళ మధ్య కూర్చో. వెనక తలుపు కూడా తీసే ఉంది.”

“వెళ్ళవే. వాడి సంగతి నేను చూసుకుంటాను.”

“వద్దక్కా.”

“మొండికెయ్యకు, కెండ్రా!”

“వాళ్ళందర్నీ బయటికి పిలవండి ట్రూడీ గారూ. వచ్చి నా వెనక నిలబడితే చాలు.”

క్లాసులోని ఆడవాళ్ళంతా వచ్చి కెండ్రా వెనక నిలబడేసరికి, ట్రక్కు దిగి రోడ్నీ లోపలికొచ్చాడు.

“అబ్బో, మా ఆవిడ షాపంతా కొనేసినట్టుందే! వదినా, థాంక్స్. ఏంటిది, ఇంతమంది పోగయ్యారు? ఆడాళ్ళూ, మీ కుట్లు మీరు కుట్టుకోండమ్మా, ఇది మా ఇంటి విషయం. పెళ్ళామా, సామాను తీసుకో. ఎక్కు ట్రక్కు. పాప ఎదురుచూస్తోంది, ఇంటికి పోదాం.”

“ఏ ఇంటికి రోడ్నీ? అక్కడ నీకోసం ఎదురుచూసేవాళ్ళు ఇంకెవరూ లేరు.”